నిండు చందమామని చూడ్డానికి బ్యారేజీ మేలా, గాంధీ కొండ మేలా, ఇంటి డాబా మేలా?

సూపర్‌మూన్, అంటే చంద్రుడు భూమికి బాగా దగ్గరగా వచ్చిన పున్నమి, అనగానే బెజవాడలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ప్రకాశం బ్యారేజీ. వేసవి పున్నమికైతే అది సరైన చోటే. కార్తీక, మార్గశిర పున్నములకి మాత్రం బ్యారేజీ మీద సాయంత్రం నిలబడితే చంద్రుడు నది మీద కాదు, ఊళ్లో భవనాల వెనక నుంచి లేస్తాడు. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు కాబట్టి, చలికాలంలో సూర్యుడు దక్షిణానికి జరిగితే చంద్రుడు ఉత్తరానికి జరుగుతాడు. మే, జూన్‌లలో ఇదంతా తిరగబడుతుంది. 2026 డిసెంబరు పున్నమికి మన దగ్గర చంద్రోదయం తూర్పు నుంచి ఈశాన్యం వైపు సుమారు 28 డిగ్రీలు జరిగి ఉంటుంది. చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. అంటే తూర్పు నుంచి ఎడమకి మూడు పిడికిళ్లు కొలుచుకుని అక్కడ చూడాలి.

బ్యారేజీ దిగువన కృష్ణ ఆగ్నేయం వైపు సాగుతుంది. అందుకే మే, జూన్ పున్నములకి పద్మావతి ఘాట్ దగ్గర నిలబడితే చంద్రుడు నది వైపే లేస్తాడు. చలికాలంలో అవతలి ఒడ్డు మేలు. సీతానగరం వైపు నుంచి ఈశాన్యంగా చూస్తే ముందు నది, దాని వెనక రైలు వంతెన, ఆ వెనక ఊరు వస్తాయి. ఫొటోకి ఇంతకన్నా మంచి వరస దొరకదు. బ్యారేజీ మీదే నిలబడతామంటే ఒక చిక్కుంది. బండ్లు వెళ్తుంటే కట్టడం సన్నగా అదురుతుంది. రెయిలింగ్ మీద ఫోన్ ఆనించి జూమ్ చేస్తే బొమ్మ చెదిరిపోతుంది. ఒడ్డున, మెట్ల మీద స్టాండ్ వేసుకుంటే ఆ బాధ లేదు.

నీళ్లలో చందమామ కావాలనుకుంటే సాయంత్రం కన్నా తెల్లవారుజామే మేలు. దిగువన చాలా నెలలు ఇసుక దిబ్బలే కనిపిస్తాయి. నిండుగా నీళ్లు నిలిచేది ఎగువన, అంటే పడమట, చంద్రుడు అస్తమించే దిక్కున. చలికాలపు పున్నమి చంద్రుడు పడమర నుంచి వాయవ్యం వైపు జరిగి, భవానీపురం మీదుగా కనిపించే నది పొడవునా దిగుతాడు. దీనికి అడ్డల్లా డిసెంబరు, జనవరి పొగమంచు. మంచు దట్టంగా ఉన్న రోజున చంద్రుడు దిగంతానికి చాలా ముందే మాయమైపోతాడు. కాబట్టి అస్తమయానికి కనీసం గంట ముందే అక్కడ ఉండాలి.

గాంధీ కొండకి ఉన్న పెద్ద బలం ఎత్తు. భవనాలు కిందే ఉండిపోతాయి కాబట్టి చంద్రోదయం మొదటి నిమిషం నుంచీ కనబడుతుంది, ఏ కాలమైనా సరే. ఇబ్బందల్లా కొండ మీద ఎప్పటిదాకా ఉండనిస్తారన్నదే. ముందే అడిగి తెలుసుకోకుండా స్టాండు, సంచీ మోసుకుని ఎక్కొద్దు.

ఇక డాబా. మన డాబా కన్నా 15 మీటర్లు ఎత్తున్న అపార్ట్‌మెంట్ 85 మీటర్ల దూరంలో తూర్పున ఉంటే, ఆకాశంలో 10 డిగ్రీలు మూసేస్తుంది. చంద్రుడు అంత పైకి రావడానికి ముప్పావుగంట పడుతుంది. అప్పటికి ఆ కాషాయ రంగు పోయి, మామూలు తెల్ల చంద్రుడే మిగులుతాడు. అయినా ఇంట్లో పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే, లేదా రాత్రి గంటల తరబడి గ్రహణం చూడాలంటే, డాబాకే నా ఓటు. కుర్చీ వేసుకోవచ్చు, టెలిస్కోప్ కదలదు.

ఏ రోజు చూడాలన్నది చోటు కన్నా ముఖ్యం. 2026 డిసెంబరు సూపర్‌మూన్‌నే తీసుకుందాం. పున్నమి ఘడియ 24వ తేదీ ఉదయం 6:58కి. 23 సాయంత్రం చంద్రుడు సూర్యాస్తమయానికి అరగంట ముందే లేస్తాడు. వెలుతురులో పాలిపోయి, లేచిన సంగతే తెలియదు. 24 సాయంత్రం సుమారు ఆరుంబావుకి, చీకటి పడుతుండగా లేస్తాడు. రంగు కావాలంటే 24 సాయంత్రం, నీటిమీద అస్తమయం కావాలంటే 24 తెల్లవారుజాము. 23 సాయంత్రం నది, భవనాలు, చంద్రుడు మూడూ ఒకే వెలుతురులో ఫొటోలో పడాలనుకునేవాళ్లకి మాత్రమే. నవంబరు 24 కార్తీక పున్నమి కూడా సూపర్‌మూనే. కాకపోతే ఆ సాయంత్రం ఘాట్లలో దీపాలు, పొగ, జనం. దీపాలతో పాటు చంద్రుణ్ణి చూడ్డానికి వెళ్లాలి గానీ టెలిస్కోప్ పట్టుకుని కాదు.

సైజు గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. చంద్రుడు మనకి దగ్గరైనప్పుడు దూరం సుమారు 3,57,000 కిలోమీటర్లు, దూరమైనప్పుడు 4,06,000 దాటుతుంది. ఈ రెండు పున్నముల మధ్య వెడల్పులో తేడా 14 శాతం దాకా ఉంటుంది. మామూలు పున్నమితో పోలిస్తే 7 శాతమే, కంటికి అందదు. దిగంతం దగ్గర పెద్దగా కనబడటం మన చూపు చేసే మాయ. నిజానికి లేచేటప్పటి కన్నా నడినెత్తికి వచ్చాకే చంద్రుడు మనకి దాదాపు ఒకటిన్నర శాతం పెద్ద. తేడా కళ్లారా చూడాలంటే ఒకే కెమెరాతో, ఒకే జూమ్‌తో రెండు ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టాలి. 2026లో మే 31 నాటి చిన్న చంద్రుడు, డిసెంబరు 24 నాటి పెద్ద చంద్రుడు ఇందుకు సరైన జత.

టెలిస్కోప్‌కి పున్నమి అసలు మంచి రోజు కాదు. వెలుగు నేరుగా పడి నీడలుండవు, గుంతల లోతు తెలియదు. దానికి శుక్ల అష్టమి, నవమి మేలు. పున్నమికి 10×50 (పది రెట్లు పెద్దగా చూపే, 50 మిల్లీమీటర్ల కటకాలున్న) బైనాక్యులర్ చాలు. చంద్రుడు లేచేటప్పుడు కుడివైపు అంచుకి దగ్గరగా టైకో గుంత, దాన్నుంచి చిమ్మినట్టున్న తెల్లటి చారలు చక్కగా కనిపిస్తాయి. కెమెరా అయితే చంద్రుడు పైకొచ్చాక ఐఎస్‌ఓ 100, ఎఫ్/11, 1/125 సెకనుతో మొదలుపెట్టండి. లేచేటప్పుడు వెలుగు తక్కువ కాబట్టి ఐఎస్‌ఓ 400, ఎఫ్/8కి మార్చండి. ఫోన్లో నైట్ మోడ్ తీసేసి, చంద్రుడి మీద నొక్కి పట్టుకుని వెలుగు తగ్గించాలి. లేకపోతే తెల్లటి బిళ్ల తప్ప ఏమీ రాదు.

సూపర్‌మూన్, సంపూర్ణ చంద్రగ్రహణం, ఈ రెండిట్లో ఒక్కదానికే తీరిక దొరికితే ఆలోచించకుండా గ్రహణానికే ఉంచుకోండి. 2028 డిసెంబరు 31 రాత్రి దాదాపు 9:46 నుంచి 10:58 దాకా చంద్రుడు పూర్తిగా ఎర్రబడి ఉంటాడు. అప్పటికే బాగా పైకి వచ్చేసి ఉంటాడు కాబట్టి బ్యారేజీ, కొండ ఏదీ అక్కర్లేదు. డాబా మీద ఓ దుప్పటి, బైనాక్యులర్ ఉంటే సరిపోతుంది.