టైటిన్ కోసం ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్: దేనికి పనికొస్తుంది, దేనికి చాలదు

ఏఐ సంస్థ డీప్‌మైండ్, యూరప్ జీవసమాచార సంస్థ ఈఎంబీఎల్-ఈబీఐ కలిసి 2021 జులైలో తెరిచిన ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ (ప్రోటీన్లు ఎలా మడతపడతాయో ఏఐ అంచనా వేసిన త్రీడీ నమూనాల నిల్వ) ఉచితం, లాగిన్ అక్కర్లేదు. చాలా ప్రోటీన్లకు పేరు కొట్టగానే నమూనా తెర మీదికి వచ్చేస్తుంది. కండరాల్లోని టైటిన్ అనే భారీ ప్రోటీన్ దగ్గర మాత్రం ఆ సుఖం లేదు. మనిషి టైటిన్ పొడవు దాదాపు 34,350 అమైనో ఆమ్లాలు. ఒకే నమూనాగా ఇచ్చేది 2,700 వరకే. అందుకే వెబ్‌సైట్‌లో వెతికి లాభం లేదు, మనిషి ప్రోటీన్లన్నీ ఉన్న ఆర్కైవ్ మొత్తం దించుకోవాలి. అందులో ఇది 1,400 ఆమ్లాల ముక్కలుగా ఉంటుంది. ఎలుక టైటిన్‌కైతే ఆ ముక్కలు కూడా లేవు.

ఒక్కో ముక్క 200 ఆమ్లాలు ముందుకు జరుగుతుంది: ఎఫ్1 అంటే 1–1400, ఎఫ్2 అంటే 201–1600. ఎం-బ్యాండ్ (కండరపు చిన్న యూనిట్ నడిమి గీత) పక్కనుండే టైటిన్ కైనేజ్ భాగం (కైనేజ్ అంటే ఫాస్ఫేట్‌ను బదిలీ చేసే రకం ఎంజైమ్) కావాలనుకోండి. అది సుమారు 32,180 నుంచి 32,430 వరకు ఉంటుంది. ఎఫ్157లోనూ దొరుకుతుంది కానీ చివరికి దగ్గర. ఎఫ్159 తీస్తే సరిగ్గా నడుమ పడుతుంది. అంచుల్ని నమ్మకపోవడానికి కారణం ఉంది: దాదాపు వంద ఆమ్లాల ఇమ్యునోగ్లోబులిన్ డొమైన్ (విడిగా మడతపడే భాగం) అక్కడ సగానికి తెగిపోయి, మడత కుదరక, స్కోరు పడిపోతుంది. అదే డొమైన్‌ను పక్క ముక్కలో చూస్తే చక్కగా ఉంటుంది. ముక్కలన్నీ అతికించి పూర్తి టైటిన్ తయారుచేయాలని మాత్రం చూడొద్దు. ప్రతి అతుకు దగ్గరా కోణంలో చిన్న తేడా వచ్చి, పోనుపోను పెద్దదవుతుంది.

నమూనా ఫైల్లోని బీ-ఫ్యాక్టర్ గడిలో ఇక్కడ ఉండేది పీఎల్‌డీడీటీ, అంటే అంచనా మీద నమ్మకం ఎంతో చెప్పే స్కోరు. ప్రయోగంలో తేలిన నిర్మాణాల్లో ఆ అంకె ఎక్కువైతే కదలిక ఎక్కువని అర్థం, ఇక్కడ నమ్మకం ఎక్కువని. పాత రంగుల సెట్టింగ్ వాడితే బొమ్మ తలకిందులుగా చదువుతాం. టైటిన్‌లో సాగే పీఈవీకే భాగం 50 కంటే తక్కువ స్కోరుతో నారింజ రంగు చుట్టల్లా కనిపిస్తే నమూనా పాడైందనుకోవద్దు. ఆ భాగానికి స్థిరమైన మడత లేదు. లేకపోవడం వల్లే కండరం సాగినప్పుడు అది స్ప్రింగులా పనిచేస్తుంది.

అసలు లోటు సిగ్నలింగ్ (కణంలో సందేశాలు చేరవేయడం) దగ్గర. 1998లో వచ్చిన కైనేజ్ స్ఫటిక నిర్మాణం, పీడీబీలో (ప్రయోగంలో తేలిన నిర్మాణాల నిల్వ) 1టీకేఐ, ఆగి ఉన్న స్థితిది: నియంత్రణ తోక ఏటీపీ (శక్తినిచ్చే అణువు) చోటును మూసేస్తుంది, టైరోసిన్ 170 ఉత్ప్రేరక ఆస్పార్టేట్‌కు అడ్డుపడుతుంది. లాగుడు బలం ఆ తోకను పక్కకు జరిపితే ఏటీపీ చోటు తెరుచుకుంటుందని 2008 నాటి అణుబల సూక్ష్మదర్శిని ప్రయోగాలు చూపాయి. ఎన్‌బీఆర్1, పీ62, మర్ఫ్2 అనే ప్రోటీన్ల మీదుగా కేంద్రకంలోని ఎస్‌ఆర్‌ఎఫ్ (జన్యువుల్ని నియంత్రించే ప్రోటీన్) దాకా వెళ్లే దారిని ఈ కైనేజ్‌తో కలిపి చెప్పింది 2005లో. డేటాబేస్ నమూనాలో లాగుడు లేదు, ఏటీపీ లేదు, భాగస్వాములూ లేరు. కాబట్టి దాన్ని చూసి కైనేజ్ పనిచేస్తోందనో ఆగిపోయిందనో తేల్చడం తప్పు. నిజానికి ఇది ఫాస్ఫేట్‌ను చురుగ్గా బదిలీ చేసే కైనేజేనా అన్నదాని మీదే వాదన ఉంది.

టైటిన్ మొదటి కొస ఉండే జెడ్-డిస్క్ (కండర యూనిట్ అంచు గీత) వైపు కూడా ఇదే కథ. అక్కడ టెలెథోనిన్ అనే చిన్న ప్రోటీన్ రెండు టైటిన్ల జెడ్1, జెడ్2 డొమైన్లను బీటా పోగులతో కలిపి కుడుతుంది. ఎఫ్1లో ఆ డొమైన్లు శుభ్రంగా ఉన్నా రెండో టైటిన్ ఉండదు. ఆ కుట్టు చూడాలంటే పీడీబీలో 1వైఏ5 తెరవాలి.