బిర్లా మ్యూజియం డైనోసారియం: తల వదిలేసి తుంటి చూడండి

హైదరాబాద్ ఆదర్శనగర్‌లో, నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లేవాళ్లలో చాలామందికి ప్లానెటోరియం షోయే ముఖ్యం. డైనోసార్ల విభాగమైన డైనోసారియంలోకి అలా వెళ్లి, అస్థిపంజరం ముందు ఓ ఫొటో దిగి, "అబ్బో, ఎంత పెద్దదో" అనుకుంటూ బయటికొచ్చేస్తారు. నిజానికి ఇక్కడ చెప్పుకోవాల్సింది సైజు గురించి కాదు. అక్కడ నిలబెట్టిన డైనోసార్ కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. దాని పొడవు సుమారు 9 మీటర్లు, బరువు 2.5 టన్నులని అంచనా. సారోపాడ్లలో, అంటే పొడవాటి మెడ, తోక ఉండి నాలుగు కాళ్ల మీద నడిచిన శాకాహార డైనోసార్లలో, అది చిన్నదే. దాని విలువంతా ఎముకల ఆకారంలో ఉంది. రెండు కాళ్ల మీద నడిచిన పూర్వీకుల పోలికలు ఇంకా పోని, నాలుగు కాళ్ల సారోపాడ్ ఇది.

ముందు ఒక విషయం తెలిసి వెళ్లాలి. 2000లో తెరిచిన ఈ విభాగంలో నిలబెట్టింది ఒకే జంతువు అస్థిపంజరం కాదు. 1970ల చివర్లో ప్రాణహిత–గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర 2,400 చదరపు మీటర్ల చోట, అంటే అర ఎకరం పైచిలుకు నేలలో, 840 అస్థి భాగాలు దొరికాయి. అవి కనీసం 12 జంతువులవి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన పి. యాదగిరి 1988లో దీనికి పేరు పెట్టారు, 2001లో ఎముకల పూర్తి వర్ణన ప్రచురించారు. వరదలో మునిగిన మంద కావచ్చన్నది ఒక ఊహ. ఇలా పలు జంతువుల ఎముకలు కలిపి కూర్చినప్పుడు నిష్పత్తులు కాస్త అటూ ఇటూ అవుతాయి. కాబట్టి అక్కడ నిలబడి కాలికీ మెడకీ పొడవు లెక్కలు వేసి ఏదో తేల్చేయకండి. విడి ఎముకల ఆకారాన్ని మాత్రం నమ్మొచ్చు.

అందరి చూపూ ముందు తల మీదికే పోతుంది. అక్కడ నేర్చుకునేది అతి తక్కువ. పుర్రె దొరకలేదు, దొరికినవి చెంచా ఆకారపు రెండు పళ్లు మాత్రమే. మెడ చివర కనిపించే తలంతా దగ్గరి బంధువులను చూసి కట్టిన అంచనా.

తిన్నగా వెనక కాళ్ల వైపు నడవండి. తుంటిలో పైనుండే వెడల్పాటి ఎముక ఇలియం. తర్వాతి కాలపు సారోపాడ్లలో అది ఎత్తుగా లేస్తుంది. ఇక్కడ పొట్టిగా, అణిగినట్టు ఉంటుంది. ఇది సారోపాడ్లకు ముందు వచ్చిన పాత తరహా బంధువులు, ప్రోసారోపాడ్ల లక్షణం. దాని కింద తొడ ఎముక చూడండి. నిటారుగా, అడ్డుకోతలో కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. బరువును నేరుగా నేలకు దింపే కాలు అది, అంటే పక్కా సారోపాడ్ కాలు. అదే ఎముక పైకొసన, ముందు వైపు, చిన్న గట్టు ఒకటి ఉంటుంది. దాన్ని లెస్సర్ ట్రోకాంటర్ అంటారు, కండరం అతుక్కునే చోటు. తర్వాతి సారోపాడ్లలో అది మాయమైంది, ఇందులో ఇంకా ఉంది. పాతదీ కొత్తదీ ఒకే ఎముక మీద కనిపించే ఈ చోటు కోసమైనా టికెట్ కొనొచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎముక వెనక వైపు, కాస్త కిందుగా ఇంకో గట్టు ఉంటుంది. అది తోక కండరం పట్టుకునే ఫోర్త్ ట్రోకాంటర్, వేరే సంగతి. ముందు వైపు నిలబడి చూస్తే తికమక ఉండదు.

తర్వాత వెన్నుపూసలు. ఫోన్ కెమెరా జూమ్ చేసి నడుం భాగాన్ని పక్క నుంచి చూడండి. పూసల దిమ్మెలు గట్టిగా, సాదాగా ఉంటాయి. తర్వాత వచ్చిన భారీ సారోపాడ్లలో వీటి పక్కలకు లోతైన గుంటలు పడి, లోపల గాలి అరలు ఏర్పడి, ఒళ్లు పెరిగినా వెన్ను బరువు తగ్గింది. కోటాసారస్‌లో ఆ పని ఇంకా మొదలవలేదు. కాళ్లు ముందు మారాయి, వెన్ను తర్వాత మారింది.

నిలబెట్టిన ఏ అస్థిపంజరంలోనైనా అసలు ఎముకేదో, పూరించిందేదో గుర్తుపట్టాలంటే ఉపరితలం చూడాలి. అసలు ఎముక మీద సన్నని పగుళ్లు, అతుకుల గీతలు, ఒకచోట ముదురు ఒకచోట లేత రంగు ఉంటాయి. పూరించిన భాగం నున్నగా, ఒకే రంగులో ఉంటుంది. ఇలియం అంచు లాంటి పలుచని చోట్ల ఇది తప్పక చూసుకోవాలి. విరిగిపోయేవి అవే, పూరింపు ఎక్కువగా పడేదీ అక్కడే.

వయసు సంగతి. ఈ డైనోసార్ గురించి తరచూ వినిపించే అంకె 16 కోట్ల ఏళ్లు. కానీ ఎముకలు దొరికిన రాతి పొరల్ని, అంటే కోట ఫార్మేషన్‌ను, ఎక్కువమంది తొలి జురాసిక్‌లో, అంటే 17.4 కోట్ల ఏళ్లకు వెనక పెడతారు. చేపలు, ఆస్ట్రకోడ్లు (గుల్ల ఉన్న చిన్న నీటి జీవులు), పుప్పొడి లాంటివాటిని వేరేచోట్ల దొరికినవాటితో పోల్చి కట్టిన వయసు కాబట్టి అంకెలో సందు ఉంటుంది. పిల్లలకు చెప్పేటప్పుడు "తొలి జురాసిక్" అంటే చాలు.

ఇదే కోట పొరల్లో దొరికిన ఇంకో సారోపాడ్, బరాపాసారస్ టాగోరై, కోల్‌కతాలో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉంది. దాని వెన్నుపూసల్లో గుంటలు పడటం అప్పటికే కొద్దిగా మొదలైంది. అంటే ఒకే లోయ పొరల్లో వెన్ను మారుతున్నదీ, మారనిదీ రెండూ ఉన్నాయి. పరిణామాన్ని ఒకే వరసలో నడిచే ఊరేగింపులా గీసే బొమ్మలకు ఈ జంట ఒక్కటే గట్టి జవాబు. డైనోసారియానికి ఏమైనా జోడించమంటే, బరాపాసారస్ పూస నమూనా ఒకటి ఈ నడుం పక్కన పెట్టమంటాను.

గుడ్ల శిలాజాలు, రాయిగా మారిన చెట్ల మొద్దులు చూడ్డానికి బాగుంటాయి, కానీ వాటికి ఐదు నిమిషాలు చాలు. తుంటికీ వెన్నుకూ అరగంట ఇవ్వండి. షో మొదలయ్యే వేళ హడావిడిగా దూరితే ఏదీ కనపడదు, కాబట్టి ప్లానెటోరియాన్ని తర్వాతకి పెట్టుకోండి. కౌంటర్లో మీ టికెట్‌కు డైనోసారియం కలిసి ఉందో లేదో అడిగి తీసుకోండి. పదేళ్ల లోపు పిల్లలతో వెళ్తే ట్రోకాంటర్ల జోలికి పోకుండా ఇలియం, పూసలు చూపిస్తే సరి.