రిటైరయ్యాక పాత ఆఫీసులో కాంట్రాక్టా, కొత్తచోట చిన్న ఉద్యోగమా?

రిటైర్మెంట్ దగ్గరపడ్డ మిత్రులు ఈ మధ్య అందరూ ఒకటే అడుగుతున్నారు. "ఆఫీసువాళ్లు కాంట్రాక్టు మీద ఉండమంటున్నారు, బయట కూడా ఒక చిన్న ఉద్యోగం ఉంది. రెండింటిలోనూ జీతం తక్కువే. ఏది మేలంటావు?" డబ్బు లెక్క వాళ్లు ఎప్పుడో వేసుకుని ఉంటారు. నిన్నటిదాకా అంత తీసుకుని, ఇప్పుడు ఇంతకి పనిచేస్తుంటే మనసు ఎలా ఊరుకుంటుంది అన్నదే వాళ్ల అసలు బెంగ. నేను రెండూ చేశాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో, అకౌంట్స్ సెక్షన్‌లో 60 ఏళ్లకి రిటైరయ్యాను. మర్నెలే అదే సెక్షన్‌లో కన్సల్టెంటుగా చేరి ఏడాది ఉన్నాను. ఇప్పుడు ఒక చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గర మధ్యాహ్నం దాకా పనిచేస్తున్నాను.

పాత ఆఫీసులో సుఖం లేదని అనను. కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు, మనుషులు తెలిసినవాళ్లు, డబ్బూ బయటికంటే ఎక్కువే. 2020 డిసెంబరు ఉత్తర్వు ప్రకారం కేంద్రంలో ఇలా తీసుకున్నవాళ్లకి చివరి బేసిక్‌లోంచి బేసిక్ పెన్షన్ తీసేసి మిగిలింది ఇస్తారు. బేసిక్ 80,000 అనుకుంటే, పాత పెన్షన్ పథకంలో ఉన్నవాళ్లకి పెన్షన్ అందులో సగం, 40,000. కాంట్రాక్టు మీద వచ్చేది మిగతా 40,000. ఇంక్రిమెంటు లేదు, కాంట్రాక్టు ఉన్నన్నాళ్లూ అదే అంకె. ఆంధ్రలో 62కి, తెలంగాణలో 61కి దిగే రాష్ట్ర ఉద్యోగులు తమ ఉత్తర్వులు విడిగా చూసుకోవాలి. మనసు పడే బాధ మాత్రం అందరిదీ ఒకటే.

మొదటి నెల ఆ అంకె చూసి, నా విలువ సగమైపోయిందనుకున్నాను. రెండు రాత్రులు సరిగా నిద్రపట్టలేదు. తర్వాత కాగితం తీసుకుని లెక్క రాసుకుంటే తెలిసింది, అది నా పని చూసి ఎవరూ కట్టిన ధర కాదని. అది వట్టి తీసివేత. అదే బేసిక్‌తో దిగిన ఎవరికైనా అంతే వస్తుంది. ఆ సగాన్నీ, పెన్షన్ సగాన్నీ కలిపితే నా పాత బేసిక్ నాకు వస్తూనే ఉంది. అది అర్థమయ్యాక డబ్బు మీద కోపం పోయింది.

కానీ బాధ పోలేదు. నోట్ నేను రాస్తాను, సంతకం నాది కాదు. నేను పని నేర్పిన అబ్బాయే సంతకం పెడతాడు. పాపం, నేను వస్తే లేచి నిలబడేవాడు, కుర్చీ జరిపేవాడు. ఆ మర్యాదకే నాకు ఇంకా ఇబ్బందిగా ఉండేది. నెలాఖరున గదిలో అందరి ఫోన్లూ ఒకేసారి మోగేవి, జీతం పడిందని. నాది బిల్లు పాసయ్యాక, నాలుగైదు రోజులకి. ఒక జూలైలో ఇంక్రిమెంటు పడిందని ఎవరో మైసూర్‌పాక్ పంచారు. కాగితంలో పెట్టిన ముక్క చేతిలో పట్టుకుని, తినాలా వద్దా తెలియక అలాగే టేబుల్ సొరుగులో పెట్టేశాను. అంతకుముందు ముప్పై ఏళ్లు ప్రతి ఏటా అందరితో పాటు నేనూ తిన్నవాణ్ణే.

కొత్తచోట నాకిచ్చేది 22,000. మొదటి వారం కష్టంగానే గడిచింది. ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి పక్కన కూర్చుని నాకు టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ నేర్పింది. ఇన్నాళ్లూ 'సార్' అని పిలిపించుకున్నవాణ్ణి 'అంకుల్' అంటే రెండు రోజులు చెవులకి కొత్తగా అనిపించింది. ఆ తర్వాత ఆ పిలుపులోనే హాయి ఉందనిపించింది. నా చివరి జీతం ఎంతో అక్కడ ఎవరికీ తెలియదు, నాకూ రోజంతా గుర్తు రాదు. జీఎస్టీ నోటీసు వచ్చి టెన్షన్ పడుతూ ఒక కిరాణా షాపాయన వచ్చారు. ఆయన బిల్లులూ రిటర్న్‌లూ రెండు రోజులు కూర్చుని సరిచూసి జవాబు తయారుచేశాను. వెళ్లేటప్పుడు నా రెండు చేతులూ పట్టుకున్నారు. ప్రభుత్వ ఆఫీసులో అన్నేళ్లలో అలా ఎవరూ పట్టుకోలేదు.

అందుకే ఎవరు అడిగినా నేను ముందు చూడమనేది ఒకటే. రోజూ మీ పాత జీతం మీ పక్క కుర్చీలో కూర్చుని ఉంటుందా, ఉండదా? ఉండేచోట రెండు వేలు ఎక్కువిచ్చినా మనసు కోలుకోదు. నా ఓటు కొత్తచోటుకే.

అయితే ఇంటి లోను మిగిలి ఉంటే, అమ్మాయి పెళ్లి ముందుంటే పాత ఆఫీసే నయం. ఎన్ని నెలలో ముందే లెక్కపెట్టుకుని ఉండండి. లైబ్రరీలో, ల్యాబ్‌లో పనిచేసినవాళ్లకి సంతకం బాధ అంతగా ఉండదు, వాళ్లు అక్కడే కొనసాగినా ఇబ్బంది లేదు. కేంద్రంలో పైస్థాయి గ్రూప్-ఎ అధికారులైతే రిటైరైన ఏడాదిలోపు ప్రైవేటులో చేరడానికి ముందస్తు అనుమతి తీసుకోవాలని మరిచిపోవద్దు. జీతం లేకుండా సేవ చేస్తామనేవాళ్లది మంచి ఆలోచనే, వాళ్లకి ఈ చిక్కే లేదు.

ఏ పనిలో చేరినా ఇంట్లో నిజమైన అంకె మొదటిరోజే చెప్పేయండి. నేను కాంట్రాక్టులో ఉన్నప్పుడు రెండు నెలలు "దాదాపు పాతంతే వస్తోంది" అంటూ దాచాను. తక్కువ జీతం కంటే ఆ దాపరికమే నన్ను ఎక్కువ తినేసింది. చివరికి చెబితే మా ఆవిడ, "ఇల్లు పెన్షన్‌తో నడుస్తోంది కదండీ, దానికి ఇంత బాధ దేనికి?" అంది. ఆ వారమే బ్యాంకులో వేరే ఖాతా తెరిచాను. పని మీద వచ్చేది అందులోనే పడుతుంది, పెన్షన్‌తో కలపను. మా అక్కయ్య మందులు దాంట్లోంచే కొంటాను.

ఈ ఏప్రిల్‌లో మా సీఏ గారు జీతం పెంచుతాను, సాయంత్రం దాకా ఉండమన్నారు. పెంచొద్దండీ, ఒంటిగంటకే వెళ్తాను అన్నాను. భోజనమయ్యాక అక్కయ్యకి పేపర్ చదివి వినిపించాలి, ఆవిడకి చూపు ఆనడం లేదు.