సంఘ వృద్ధి ప్యాకేజీ కొనబోతున్నారా? సంతకానికి ముందు ఇది చదవండి

అందరికీ వందనాలు. క్రైస్తవ సంఘాల (చర్చిల) కమిటీల్లో ఉన్నవాళ్లు, ముఖ్యంగా కానుకల లెక్కలు చూసేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. "ఏడాదిలో మీ సంఘం రెట్టింపు" అంటూ ప్యాకేజీలు అమ్మే సంస్థలు ఉన్నాయి. మా సంఘం అలాంటిదొకటి కొన్నది. పైకప్పు మరమ్మతు కోసం దాచుకున్న నిధిలో పెద్ద భాగం దానికే పోయింది. సంస్థ పేరు రాయడం లేదు. పేరు ఏదైనా అమ్మే తీరు చూస్తే మీకే తెలుస్తుంది.

వాళ్లు చెప్పిన మాటలు ఇవీ: మీ సంఘాన్ని దగ్గరగా పరిశీలించి మీకోసమే ప్రణాళిక తయారుచేస్తాం, కొత్తగా వచ్చినవాళ్లను ఒక్కరినీ వదలకుండా పలకరించే సిస్టమ్ పెడతాం, ఫలితం రాకపోతే డబ్బు వాపసు.

ప్రణాళిక పుస్తకం వచ్చింది. అట్ట మీద మా సంఘం పేరు అందంగా అచ్చయింది. లోపల సండే స్కూల్ గురించి రాసిన పేజీలో మాత్రం ఇంకో సంఘం పేరు ఉంది! మాకు ఉన్నది ఒకే ఆరాధన. పుస్తకంలో మా "రెండో ఆరాధన" సమయం మార్చుకోమని సలహా. అడిగితే టైపింగ్ పొరపాటు అన్నారు. పరిశీలన అన్నది జరగనే లేదని మాకు అప్పుడే అర్థమైంది.

అంతకంటే బాధ కలిగించింది ఆ పలకరింపు సిస్టమ్. మొదటిసారి వచ్చినవాళ్లు పేరు, ఫోన్ నంబరు, ప్రార్థన అవసరత రాసి ఇచ్చే కార్డులు మన దగ్గర ఉంటాయి కదా, వాటి వివరాలన్నీ వాళ్ల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించుకున్నారు. అప్పటి నుంచి మెసేజ్‌లు వాటంతటవే వెళ్లాయి. ఒక సహోదరి తన తల్లి ఐసీయూలో ఉందని, ప్రార్థించమని కార్డు మీద రాసింది. ఆమెకు బెలూన్ల బొమ్మతో "ఈ ఆదివారం సంబరానికి మీ కుటుంబమంతా రండి" అని మెసేజ్ వెళ్లింది. మర్నాడు మళ్లీ అదే. ఆ కార్డు చదివిన మనిషంటూ ఒక్కరు ఉండి ఉంటే ఇలా జరిగేది కాదు. ఆమె మళ్లీ రాలేదు.

ఇక రిపోర్టుల సంగతి. గ్రాఫ్ పైకి వెళ్తూనే ఉండేది, ఆదివారం కుర్చీలు మాత్రం ఎప్పటిలాగే ఖాళీ. ఆరా తీస్తే, వీడియోను కొన్ని సెకన్లు చూసినవాళ్లనూ "చేరినవారు" కింద లెక్క వేశారని తేలింది. నిజంగా కొత్తగా కనిపించిన ముఖాల్లో ఎక్కువమంది పక్క సంఘం నుంచి, అక్కడి ప్రత్యేక సంగీతం కంటే ఇక్కడిది బాగుందని వచ్చినవాళ్లు. కొన్నాళ్లకు వాళ్లూ వెళ్లిపోయారు.

వాపసు అడిగినప్పుడు ఒప్పందంలోని చిన్న అక్షరాలు చూపించారు. ప్రణాళికలోని ప్రతి అంశాన్నీ సంఘం నూటికి నూరుపాళ్లు పాటిస్తేనే వాపసు వర్తిస్తుందట. లేని రెండో ఆరాధనను ఎవరైనా ఎలా పాటిస్తారు?

ఈ సంస్థలు గొప్పగా చెప్పుకునే "సంఘ వృద్ధి" అధ్యయనానికి పునాది వేసిన డొనాల్డ్ మెక్‌గావ్రన్ 1897లో దమోహ్‌లో పుట్టి, మధ్య భారతంలో దశాబ్దాలపాటు మిషనరీగా పనిచేశారు. విశ్వాసం బంధువుల మధ్య, స్నేహితుల మధ్య ఉన్న సంబంధాల మీదుగానే సాగుతుందని ఆయన గట్టిగా చెప్పారు. వృద్ధిని ఆయన మూడు రకాలుగా చూశారు: విశ్వాసుల ఇళ్లలో పిల్లలు పుట్టి పెరగడం, ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి మారడం, కొత్తవారు విశ్వాసంలోకి రావడం. మాకు వచ్చిన రిపోర్టుల్లో ఈ మూడూ కలిపేశారు, పైగా వీడియో చూసినవాళ్లను కూడా కలిపారు. అమెరికాలోని విల్లో క్రీక్ అనే పెద్ద సంఘం 2007లో తన సొంత సర్వే ఫలితాలను బయటపెట్టింది. కార్యక్రమాలకు ఎక్కువగా హాజరైనంత మాత్రాన మనుషులు దేవుని ప్రేమలో ఎదగడం లేదని ఆ సంఘమే ఒప్పుకుంది. కార్యక్రమాలు నడపడంలో అంత పేరున్న సంఘమే ఆ మాట అన్నాక, ఒక పుస్తకంతో రెట్టింపు చేస్తామనేవాళ్లను ఎలా నమ్మగలం?

బైబిల్లో చూడండి. అంద్రెయ తన సహోదరుడు పేతురును యేసు దగ్గరకు తీసుకొచ్చాడు, ఫిలిప్పు నతనయేలును వచ్చి చూడమన్నాడు. అపొస్తలుల కార్యాలు 6వ అధ్యాయంలో, రోజూ జరిగే పంపకంలో కొందరు విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైంది. ఏడుగురిని ఎన్నుకుని ఆ లోటు సరిచేశారు. ఆ తర్వాతే శిష్యుల సంఖ్య బాగా విస్తరించిందని ఉంది. నాకు ఈ అధ్యాయం చాలా ఇష్టం. ఉన్నవాళ్లను చూసుకోవడం, కొత్తవాళ్లు రావడం అక్కడ ఒకే సంగతిలా కనిపిస్తాయి.

మా సంఘంలోనూ నిలిచినవాళ్లు అలా వచ్చినవాళ్లే. ఒక పెద్దావిడ ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర నిలబడి, కొత్తవాళ్ల పేర్లు చిన్న నోటుబుక్కులో రాసుకుంటుంది, పిల్లల పేర్లతో సహా. వారం మధ్యలో తనే ఫోన్ చేస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు పేరుతో పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటుంది. వాళ్లను ఇంటికి దగ్గరలో ఉన్న గృహ కూటానికి పరిచయం చేస్తుంది. అక్కడ ఎవరో ఒకరు వాళ్లకు కుర్చీలు వేసే పనో, పాటల పుస్తకాలు పంచే పనో అప్పగిస్తారు. పని చేతిలో పడ్డవాళ్లు రెండో నెలకల్లా మనవాళ్లైపోతారు. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కానీ ఓపిక చాలా కావాలి.

అయినా ఏదైనా శిక్షణ కొనాలనుకుంటే, అందరూ చెడ్డవాళ్లని నేను అనను. సంతకానికి ముందు "ఎవరిని చేరినవారిగా లెక్కిస్తారు?" అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. బాప్తిస్మం పొందినవారు, వేరే సంఘం నుంచి వచ్చినవారు, ఊరికే చూసి వెళ్లినవారు, ఈ లెక్కలు విడివిడిగా ఇవ్వమనండి. రెండేళ్ల కిందట వాళ్ల సేవ తీసుకున్న సంఘాల పాస్టర్ గార్లతో మీరే మాట్లాడండి, వాళ్లు చూపించే సాక్ష్యాల వీడియోలతో సరిపెట్టుకోవద్దు. విశ్వాసుల ఫోన్ నంబర్లు, ప్రార్థన మనవులు బయటివాళ్ల చేతికి అసలే ఇవ్వద్దు, అవి నమ్మకంతో మనకు చెప్పుకున్న సంగతులు. డబ్బు ఒకేసారి కట్టమంటే అక్కడే ఆగండి.

ఇప్పటికే సంతకం చేసినవాళ్లు ఒప్పందంలో "ఆటోమేటిక్ రెన్యూవల్" అనే మాట ఉందేమో ఈరోజే చూడండి. మాది గడువు తీరాక దానంతటదే మరో ఏడాదికి పొడిగింపు అయ్యేలా ఉంది. గడువులోపు రద్దు లేఖ పంపి, అందినట్టు రశీదు తీసుకోండి. మీ విశ్వాసుల వివరాలన్నీ తొలగించామని వాళ్ల దగ్గర రాయించుకోండి.