ముప్పై వేలతో బడికి సైన్సు సామాను: కిట్టు పెట్టె మేలా, విడి సరుకు మేలా?

జూన్‌లో బడులు తెరిచాక ఒకసారి, ఫిబ్రవరి 28 సైన్సు దినోత్సవం దగ్గర పడినప్పుడు ఇంకోసారి నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. "మాస్టారూ, పాతిక ముప్పై వేలు పోగయ్యాయి. మా బడికి సైన్సు సామాను కొనిద్దామని ఉంది. ఏం కొనమంటారు?" అడిగేది పూర్వ విద్యార్థుల బృందమో, మా విశాఖలో ఎంవీపీ కాలనీ, మధురవాడ వైపు అపార్టుమెంటు సంఘమో, పింఛను డబ్బులోంచి కొంత తీసిపెట్టిన ఒంటరి పెద్దమనిషో అయి ఉంటుంది. చాలామంది మనసులో అప్పటికే ఒక కిట్టు ఖాయమైపోయి ఉంటుంది. నా చేత ఊఁ అనిపించుకుందామని అడుగుతారు. ఫోనులో ప్రతిసారీ అరగంట వాదించే ఓపిక తగ్గింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు లెక్క. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు కలిపి 120 మంది పిల్లలున్న బడి అనుకుందాం. ముప్పై వేలంటే తలకు 250 రూపాయలు. ప్రభుత్వం సమగ్ర శిక్షా అనే బడుల పథకం కింద ఏటా గ్రాంటు ఇస్తుంది కదా అంటారు. 101 నుంచి 250 మంది ఉన్న బడికి 50 వేలు, 251 నుంచి వెయ్యి మంది దాకా 75 వేలు అన్నది ఆ పథకం పెట్టిన కొలత. కరెంటు బిల్లు, నీళ్లు, ఇంటర్నెట్, ఆట సామాను, మరమ్మతులు అన్నీ అందులోనే. సైన్సు వంతు వచ్చేసరికి సుద్దముక్కల డబ్బు మిగులుతుంది. అందుకే మీరిచ్చే ముప్పై వేలు చిన్నవేమీ కావు.

కిట్టు పెట్టె గురించి చెడు చెప్పే ముందు మంచి చెప్పాలి. పాఠ్యపుస్తకంలో అధ్యాయం ఏదో, దానికి ప్రయోగం ఏదో జత కలిపి ఇస్తారు. వెంట చేతిపుస్తకం ఉంటుంది. కొత్తగా చేరిన ఉపాధ్యాయుడికి, అందులోనూ తాను చదువుకున్న రోజుల్లో ఒక్క ప్రయోగమూ చేయని వాడికి, అది నిజంగా ఆసరా. ఒకే దుకాణం, ఒకే బిల్లు. ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించిన కిట్లు చూశాను, ఆలోచించి చేసినవే. గాజు తగ్గించి, చిన్న పరిమాణంలో రసాయనాలు వాడేలా అమర్చారు.

చిక్కు పెట్టెలో లేదు, స్టాకు రిజిస్టరులో ఉంది. దాతలకు ఇది తెలియదు, ఉపాధ్యాయులు వాళ్ల ముందు చెప్పరు. బడికి వచ్చిన ప్రతి వస్తువూ ఆ పుస్తకంలో ఎక్కుతుంది. అందులో నిలిచే సామాను వేరు, వాడితే ఖర్చయ్యే సరుకు వేరు. కిట్టు నిలిచే సామాను కింద ఎక్కుతుంది. ఇక దానిలో అమ్మీటరు ముల్లు వంగినా, పట్టకం అంచు విరిగినా, సైన్సు మాస్టారు సమాధానం చెప్పాలి. బదిలీ వచ్చినప్పుడు చార్జి అప్పగించాలంటే ప్రతి ముక్కా లెక్క తేలాలి. పగిలినదాన్ని లెక్కలోంచి తీసేయించాలంటే కాగితాలు పెట్టుకోవాలి, సంతకాలు కావాలి. నలభై మంది పిల్లల మధ్య ఆ పెట్టె తెరవడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? మాస్టారు బల్ల మీద పెట్టి తానే చేసి చూపిస్తాడు. పిల్లలు దూరం నుంచి చూస్తారు. తరువాత బీరువాకు తాళం పడుతుంది.

నేనూ ఆ తాళం వేసినవాణ్ణే. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడికి ఒక మంచి పెట్టె వచ్చింది. మూడేళ్లలో దాన్ని ఎనిమిది సార్లు తీసి ఉంటానేమో. నాలుగో ఏడు తెరిస్తే తీగల చివర్లు ఆకుపచ్చబడి, క్లిప్పులు తుప్పు పట్టి, స్ప్రింగు త్రాసు బిగుసుకుపోయి ఉంది. సముద్రానికి ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లో వాడని లోహం ఊరికే ఉండదు. ఉప్పుగాలి తన పని తాను చేసుకుపోతుంది. ఒక్కటీ పగలలేదు కాబట్టి రిజిస్టరు లెక్క మాత్రం సరిగ్గా సరిపోయింది.

కాబట్టి నా దృష్టిలో తేల్చేది ఒకటే ప్రశ్న: పిల్లవాడి చేతిలో ఇది పాడైతే ఎవరైనా భయపడాలా? భయపడనక్కర్లేని వస్తువే బయటికి వస్తుంది. విడి సరుకు అలాంటిది. ఎనామిల్ పూత రాగి తీగ, ఎల్‌ఈడీలు, పెన్సిల్ సెల్లులు, రింగు అయస్కాంతాలు, సూదిలేని సిరంజిలు, సెలైన్ గొట్టాలు, బెలూన్లు, అద్దాల దుకాణంలో కోయించిన అద్దపు ముక్కలు (అంచులు రుద్దించి మరీ), లిట్మస్ కాగితాలు, వంట సోడా, నిమ్మ ఉప్పు. చాలావరకు పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఒక పూటలో దొరుకుతాయి. ఇవన్నీ ఖర్చయ్యే సరుకు కింద ఎక్కుతాయి. ఖర్చవడమే వాటి పని కాబట్టి ఎవరూ నిలదీయరు. రెండు సిరంజిలకు గొట్టం తగిలించి నీళ్లు నింపి, చిన్నదాన్ని నొక్కితే పెద్దది పుస్తకాల కట్టను లేపడం తన చేత్తో చేసిన పిల్లకు పాస్కల్ సూత్రం వల్లె వేయించే పని ఉండదు. నలభై అయస్కాంతాలు తీసుకుని ఆర్కే బీచ్‌కు వెళ్లి ఇసుకలో తిప్పించాం. నల్లటి రేణువులు మీసాల్లా అంటుకొచ్చాయి. తిరిగొచ్చినవి ఇరవై తొమ్మిది. మిగతా పదకొండూ ఎవరి ఇళ్లలో ఏ ఇనప బీరువాలకు అంటుకుని ఉన్నాయో నేను అడగలేదు.

ఒక ఏడాది తుప్పు పాఠం చెబుతున్నాను. పుస్తకంలో ఇనప మేకులు వేసిన మూడు పరీక్షనాళికలు: మామూలు నీళ్లు ఒకటి, మరగబెట్టి పైన నూనె పోసిన నీళ్లు ఒకటి, తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ ఒకటి. మేకులు కుప్పగా ఉన్నాయి కాబట్టి పిల్లలు నాలుగోది తామే మొదలుపెట్టారు, సీసాలో పట్టి తెచ్చిన సముద్రపు నీళ్లతో. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు. వాళ్ల నాన్న ఓడల మరమ్మతు పనిలో ఉన్నాడు. "ఓడ అడుగున జింకు దిమ్మలు బిగిస్తారండీ, అవి ముందు తినేసుకుపోతాయట" అన్నాడు. పాత సెల్లు ఒకటి నేనే కోసి, శుభ్రం చేసి, జింకు తొడుగు ముక్క ఇచ్చాను. మేకుకు చుట్టి అదే సముద్రపు నీళ్లలో వేశారు. వారం తరువాత ఒంటరి మేకు ఎర్రబారింది. జింకు తోడున్న మేకు మెరుపు తగ్గింది గానీ తుప్పు పట్టలేదు, జింకు మీద మాత్రం తెల్లటి పొర. కిట్టులో మేకులు లెక్కపెట్టి ఇస్తారు, నాలుగో నాళికకు చోటుండదు.

విడి సరుకుకూ తలనొప్పులున్నాయి, దాచను. మొదటిది బిల్లులు. పది దుకాణాల్లో కొంటే నాలుగింట తెల్ల చీటీలే ఇస్తారు. ప్రభుత్వ గ్రాంటుకు అవి చెల్లవు. దాతలు సొంత డబ్బు ఇస్తున్నారు కాబట్టి చీటీలు ఒప్పుకుంటే సరి, లేదా మీరే వెళ్లి కొని తెచ్చివ్వండి. రెండోది మాస్టారి సమయం. ఏ ప్రయోగానికి ఏం కావాలో ముందు రోజే పొట్లాలు కట్టుకోవాలి. ఆసక్తి లేని చోట ఈ సరుకు మూల గదిలో బస్తాగా మిగులుతుంది. అలాంటి బడికైతే కిట్టే నయం, కనీసం చేతిపుస్తకమైనా ఎవరో ఒక విద్యార్థి చదువుతాడు.

"అన్నీ చిల్లర వస్తువులేనా మాస్టారూ, ఒక మంచి మైక్రోస్కోపు కొందాం" అంటారు కొందరు. నలభై నిమిషాల పీరియడు, నలభై మంది పిల్లలు, ఒక మైక్రోస్కోపు: మనిషికి ఒక నిమిషం, అందులో సగం కన్ను సర్దుకోవడానికే. దాని బదులు స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం రూపొందించిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు మైక్రోస్కోపులు ఇద్దరికి ఒకటి చొప్పున తెప్పించండి. దాదాపు 140 రెట్లు పెద్దదిగా చూపిస్తాయి. ఉల్లిపొర కణాలకు, చెరువు నీటి చుక్కకు చాలు.

రోబోల కిట్టు, త్రీడీ ప్రింటరు అడిగేవారికి ఒక మాట. బడిలో పిల్లలు ఇలాంటి పరికరాలతో సొంతంగా చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు కేంద్రం 20 లక్షల దాకా ఇచ్చేలా పథకం పెట్టింది. అందులో 10 లక్షలు ల్యాబ్ నెలకొల్పడానికి, మిగతా 10 లక్షలు ఐదేళ్ల నిర్వహణకు. ప్రభుత్వమే సగం డబ్బు నడపడానికి పక్కన పెట్టింది. మనం మొత్తం ముప్పై వేలూ ఒక్కరోజులో పెట్టె కొనేసి, ఫోటో దిగి, మరుసటి నెల సెల్లులు అయిపోతే ఎవరు కొంటారో అడగం.

విహారయాత్రకు బస్సు మాట్లాడటం బాగానే ఉంటుంది, ముప్పై వేలలో బస్సే సగం తినేస్తుంది. సైన్సు ప్రదర్శనకు థర్మాకోలు అగ్నిపర్వతాల ఖర్చు మాత్రం దయచేసి నన్ను అడగకండి.

ఇక నన్నే కొనమంటే ఇలా చేస్తాను. జూలైలో పన్నెండు వేలు, దసరా సెలవుల తరువాత పది, సంక్రాంతి దాటాక మిగతా ఎనిమిది. ప్రతి విడతకూ ముందు ఏది అయిపోయిందో అడుగుతాను. ఏమీ అయిపోలేదంటే ఆ విడత ఆపి ఇంకో బడి చూసుకుంటాను. నిలిచే సామానులో రెండు మల్టీమీటర్లు, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలు, వాటిలో వేసే, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, అంతే. మేకులు రెండు కిలోలు. గాల్వనైజ్ చేయనివి, అంటే జింకు పూత లేనివి అని దుకాణంలో గట్టిగా చెప్పండి. మేము ఒక ఏడాది చూసుకోకుండా పూత ఉన్నవి తెచ్చి, నెల రోజులు తుప్పు కోసం ఎదురుచూశాం.