క్లాసులో చెప్పాలా, వార్డులో చూపించాలా?

పరిశోధన ఆధారాలను చూసి రోగికి సేవ చేయడం నర్సింగ్ విద్యార్థులకు రెండు రకాలుగా నేర్పవచ్చు.

క్లాసులో చెప్పడం సులువు. ఒక్క మేడమ్ అరవై మందికి చెప్పేయొచ్చు. పైకో ప్రశ్న (రోగి, చికిత్స, పోలిక, ఫలితం అనే నాలుగు భాగాల ప్రశ్న) ఎలా రాయాలి, ఏ అధ్యయనాన్ని ఎంత నమ్మాలి అన్నవి పరీక్షకు బాగానే పనికొస్తాయి. పరీక్ష అయ్యాక చాలావరకు అటకెక్కుతాయి.

వార్డులో ప్రశ్న రోగి చేతి మీదే ఉంటుంది. ఐవీ కాన్యులా (సిరలోకి మందులెక్కించే సన్నని గొట్టం) టేపు మీద తేదీ చూస్తే మూడు రోజులైంది. వాపు లేదు, ఎరుపు లేదు, నొప్పీ లేదు. అయినా తీసి మళ్లీ గుచ్చాలా? "ఇక్కడ మారుస్తామమ్మా, అంతే" అంటారు సీనియర్ సిస్టర్. సరిగ్గా అప్పుడే 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా ట్రయల్ చదివించాలి. 3,283 మంది రోగుల్లో మూడు రోజులకోసారి మార్చినా, అవసరమైతేనే మార్చినా, సిరవాపు రెండు గుంపుల్లోనూ 7 శాతమే. అలాగని స్టూడెంట్ సొంతంగా నిర్ణయించకూడదు, ఆసుపత్రి ప్రోటోకాల్ ఏముందో అడగాలి. అదీ పాఠమే.

2004లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష పీజీ వైద్యుల శిక్షణ గురించి. విడిగా క్లాసు పెడితే జ్ఞానం పెరిగింది. నైపుణ్యం, వైఖరి, నడవడిక మెరుగైనది మాత్రం వైద్యసేవతో కలిపి నేర్పినప్పుడే.

నా ఓటు వార్డుకే. కాకపోతే రద్దీ వార్డులో సిస్టర్‌కు ఊపిరాడదు, పేపరు చదివించే తీరిక ఎక్కడిది? డ్యూటీ రోస్టర్‌లోనే వారానికి అరగంట రాసిపెట్టాలి. పైకో మాత్రం వార్డుకు పంపే ముందే క్లాసులో చెప్పేస్తే చాలు.