ఆస్పత్రికి మూడు స్టార్లు, నైట్ డ్యూటీ సిస్టర్‌కి ఐదు

గాల్ బ్లాడర్‌లో రాళ్లని ఆపరేషన్‌కి చేరి మూడు రాత్రులు ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా. ముందు బాగోలేనివి చెప్పేస్తాను. డిశ్చార్జ్ అని పొద్దున తొమ్మిదింటికి చెప్పి కాగితాలు చేతికిచ్చేసరికి సాయంత్రం ఐదు దాటింది. బాత్రూమ్‌లో కాలింగ్ బెల్ పని చెయ్యదు, రెండుసార్లు చెప్పినా పట్టించుకున్న నాథుడు లేడు. గది మాత్రం శుభ్రంగా ఉంది. డాక్టర్ గారి హస్తవాసి మంచిదే, కానీ మనతో మాట్లాడేది ఒక్క నిమిషం.

నాకు ఆస్పత్రి అంటే చచ్చేంత భయం. చేరిన రోజు సాయంత్రం సెలైన్ ఎక్కించడానికి ఎడమ చేతి మీద కాన్యులా పెట్టిన అమ్మాయి "ఏం కాదు, భయపడకండి" అనేసి వెళ్లిపోయింది, వార్డు మొత్తానికి ఇద్దరే ఉన్నారు పాపం, తప్పు పట్టను. కానీ సూది లోపలే ఉందనీ, చెయ్యి కదిపితే నరం చీల్చుకుని బయటికొస్తుందనీ నా బుర్రలో పడిపోయింది. దాంతో చెయ్యి కర్రలా చాపుకుని, భుజం పట్టేసినా కదలకుండా, రాత్రి పన్నెండు దాకా అలాగే ఉన్నాను.

సెలైన్ చూడ్డానికొచ్చిన నైట్ సిస్టర్, "అక్కా, చెయ్యెందుకలా బిగబట్టుకున్నారు?" అంది. సిగ్గేసింది కానీ చెప్పాను. నవ్వలేదు. "లోపల సూది లేదక్కా, గుచ్చగానే దాన్ని తీసేస్తాం, ఇప్పుడున్నది మెత్తటి ప్లాస్టిక్ గొట్టం" అని, నా మోచేతిని తనే పట్టుకుని మెల్లగా మడిచి, చాపి, మళ్లీ మడిచింది. "ఇప్పుడు మీరు" అంది. మడిచాను, ఏమీ కాలేదు. వాచినా, మంట పుట్టినా మాత్రం వెంటనే పిలవమంది.

తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది, మహా అయితే పది నిమిషాలు. ఎవరూ చెప్పని విషయాలన్నీ ఆ పది నిమిషాల్లోనే తెలిశాయి. రేపు ముగ్గురు నలుగురు వచ్చి మీ పేరేంటి, ఏ ఆపరేషన్ అని అడుగుతారు, మీరెవరో తెలియక కాదు, ఒకరికి చెయ్యాల్సింది ఇంకొకరికి చెయ్యకుండా సరిచూసుకోవడం అంది. (ఇంటికొచ్చాక చూస్తే, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్ట్‌లో ఉన్న పద్ధతే.) ఈ ముక్క ముందే చెప్పకపోయుంటే, మత్తు ఇచ్చే ముందు ఎవరో మళ్లీ పేరు అడిగినప్పుడు నేను బల్ల దిగి పారిపోయేదాన్ని. నిజంగా.

ఇంకోటి, కడుపులోకి గ్యాస్ నింపి కెమెరాతో చేస్తారు కాబట్టి ఆ తర్వాత భుజం నొప్పి రావచ్చు, అది గుండె నొప్పేమోనని కంగారు పడొద్దు, కానీ నొప్పి ఏదైనా దాచుకోకుండా మాకు చెప్పండి అంది. సరిగ్గా అలాగే కుడి భుజం లాగేసింది. బెల్ కొట్టి చెప్పాను, వచ్చి బీపీ, పల్స్ చూసి మందిచ్చారు, టెన్షన్ లేకుండా పడుకున్నాను.

ఆపరేషన్ రోజు రాత్రి మానిటర్ ఉన్నట్టుండి కుయ్‌కుయ్‌మని మోగడం మొదలెట్టింది. నా పని అయిపోయిందనుకున్నా. సిస్టర్ తాపీగా వచ్చి, నా వేలి నుంచి జారిపోయిన, ఆక్సిజన్ చూసే క్లిప్పు తీసి తన వేలికి పెట్టుకుంది, మోత ఆగి 99 చూపించింది. తీసేసింది, మళ్లీ మోత. "చూశారా, నాక్కూడా మోగుతుంది" అంది. అప్పుడు నవ్వొచ్చింది, నవ్వితే కుట్లు లాగాయి, అది వేరే సంగతి.

ఆవిడ నాకు ధైర్యం చెప్పలేదు, జరగబోయేది చెప్పింది, అంతే తేడా. నొప్పి ఉండదని ఒక్కసారి కూడా అనలేదు, అందుకే ఆవిడ పర్లేదు అంటే నమ్మాను.

వెళ్లేటప్పుడు ఇచ్చిన ఫీడ్‌బ్యాక్ కాగితంలో పార్కింగ్‌కి గడి ఉంది, లిఫ్ట్‌కి ఉంది, నర్సులకి లేదు. వెనక్కి తిప్పి రాసిచ్చాను. ఎవరైనా చదివారో లేదో. మీరు చేరాల్సి వస్తే మాత్రం చెయ్యి మడవచ్చో లేదో మొదటి సాయంత్రమే అడిగేయండి, అర్ధరాత్రి దాకా ఆగకండి.